డై టెస్టులో పాసైన వెల్డింగ్ మళ్లీ ఎందుకు పగులుతుంది?

క్లుప్తంగా: లోహం పైకి తెరుచుకున్న సన్నని పగులులోకి రంగు ద్రవాన్ని ఎక్కించి, తెల్ల పొడితో దాన్ని తిరిగి బయటికి లాగి చూడటమే డై పెనెట్రెంట్ టెస్ట్ (సైట్లలో డీపీ అంటారు). లోపల ఉన్న లోపం దీనికి దొరకదు, నోరు మూసుకుపోయిన పగులూ దొరకదు. "క్రాక్ లేదు" అని రాసిన రిపోర్టును ఎంతవరకు నమ్మొచ్చో తెలియాలంటే, ముక్కను ఎలా శుభ్రం చేశారు, డై రాసి ఎన్ని నిమిషాలు ఆగారు అని అడగాలి.

ఓవర్‌హాలింగ్ మొదలైందంటే చాలు, రామగుండం, జైపూర్, చెల్పూరు లాంటి థర్మల్ ప్లాంట్లలో "డీపీ కొట్టారా?" అనే మాట పొద్దున్నుంచి రాత్రిదాకా వినిపిస్తూనే ఉంటుంది. సింగరేణి వర్క్‌షాపులకు, రైల్వే షెడ్లకు, వరంగల్ చుట్టుపక్కల ఫ్యాబ్రికేషన్ పనులకు కూడా ఈ మాట కొత్త కాదు. ఎర్ర డై, తెల్ల పొడి పొర వేసే డెవలపర్, క్లీనర్, ఈ మూడు స్ప్రే డబ్బాలు, కొంత పాత గుడ్డ ఉంటే టెస్టు అయిపోతుంది. ఇంత తేలిగ్గా కనిపించడమే చిక్కు తెచ్చిపెడుతోంది. డీపీ పాసైన వెల్డింగ్ నెల తిరక్కుండా పగిలిందనుకోండి, కాంట్రాక్టర్ టెస్టు చేసినవాణ్ని అంటాడు, అతను వెల్డర్‌ను అంటాడు, వెల్డర్ ఎలక్ట్రోడ్ మంచిది కాదంటాడు. ఈ టెస్టు ఏం చూపగలదు, ఏం చూపలేదు అన్నది ముందే తెలిస్తే ఈ గొడవల్లో సగం రానే రావు.

రంగు లోపలికి ఎట్లా వెళ్తుంది

ఒక ద్రవం లోహం మీద బొట్టుగా నిలబడకుండా పల్చగా పరుచుకోగలిగితే, సన్నని సందు దొరికిన చోట దానంతటదే లోపలికి పాకుతుంది. ప్రమిదలో వత్తి నూనెను పైకి లాక్కునేది ఈ గుణంతోనే, పుస్తకాల్లో దీన్ని కేశనాళిక చర్య అంటారు. దీనికి పంపు అక్కర్లేదు, పైనుంచి ఒత్తిడీ అక్కర్లేదు. భూమ్యాకర్షణ కూడా పెద్దగా అడ్డం రాదు కాబట్టే పైపు అడుగు భాగంలో, తలపైన ఉన్న వెల్డింగులో సైతం డై పైకి ఎక్కుతుంది.

సందు ఎంత సన్నగా ఉంటే లోపలికి లాగే బలం అంత ఎక్కువ. పెనెట్రెంట్ ద్రవాల తలతన్యత (ద్రవం పైపొరను బిగపట్టి ఉంచే బలం) మీటరుకు 0.03 న్యూటన్ల దరిదాపుల్లో ఉంటుంది. పగులు నోరు ఒక్క మైక్రాన్ ఉందనుకుంటే (మన వెంట్రుక మందం దానికి కనీసం 50 రెట్లు) లెక్క ప్రకారం ఆ ద్రవాన్ని లాగే పీడనం దాదాపు 60 కిలోపాస్కల్స్ వస్తుంది, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనంలో సగానికి మించి. బలం అంత ఉంది కదా అని పగులు వెంటనే నిండిపోదు. సందు సన్నబడే కొద్దీ ద్రవం కదలడం కష్టమవుతుంది, అడుగున ఇరుక్కున్న గాలి అడ్డం పడుతుంది. అంటే బలంగానే లాగుతుంది, కానీ నెమ్మదిగా లాగుతుంది. డై రాశాక ఆగాలి అనే నియమం ఇక్కడినుంచే పుట్టింది.

నీళ్లలో రంగు కలిపి రాస్తే చాలదా అని కొందరు అడుగుతారు. నీటి తలతన్యత ఇంకా ఎక్కువే, మీటరుకు 0.072 న్యూటన్లు. కానీ కొద్దిపాటి జిడ్డు ఉన్న లోహం మీద కూడా నీళ్లు బొట్లుగా ముడుచుకుంటాయి. తడపలేని ద్రవం సందులోకి దిగదు. పెనెట్రెంట్లను తేలికపాటి నూనెల ఆధారంగా, తడిపే గుణం పెంచే పదార్థాలు కలిపి తయారు చేసేది అందుకే.

ఎంతసేపు ఆగాలన్నది లోహాన్ని బట్టి, వెతికే లోపాన్ని బట్టి మారుతుంది. బాయిలర్లు, ప్రెజర్ వెసెల్స్ పనిలో ఎక్కువగా పాటించే అమెరికన్ ఏఎస్ఎంఈ కోడ్ ప్రకారం స్టీలు వెల్డింగులకు, పోత ముక్కలకు కనీసం 5 నిమిషాలు, ఫోర్జింగ్, రోలింగ్ చేసిన వాటికి కనీసం 10 నిమిషాలు ఆగాలి. ఇవి కనీసాలు మాత్రమే. ఏళ్ల తరబడి పనిచేసి అలసిన షాఫ్టులో పగులు గట్టిగా బిగుసుకుని ఉంటుంది, అక్కడ 5 నిమిషాలకే తుడిచేస్తే టెస్టు చేసినట్టే కాదు.

ఒక వెల్డింగు మీద జరిగేది

ఓపెన్ కాస్టులో పనిచేసే షవెల్ బకెట్‌కు ఉండే ఒక లగ్ (పిన్ను దూర్చి బిగించే చెవి) వెల్డింగును తీసుకుందాం. ముందు పెయింట్, తుప్పు, వెల్డింగ్ స్పాటర్ (చింది అతుక్కున్న లోహపు బొట్లు) తీసేయాలి. వైరు బ్రష్ కొట్టి, క్లీనర్‌తో జిడ్డు పోయేదాకా తుడిచి, ఆ క్లీనర్ కూడా పూర్తిగా ఆరేదాకా ఆగాలి. పగులులో క్లీనర్ మిగిలి ఉంటే డైకి చోటుండదు. తర్వాత ఎర్ర డై స్ప్రే చేసో బ్రష్‌తో రాసో వదిలేస్తారు, మధ్యలో ఆరిపోకుండా చూసుకుంటారు.

తుడవడం దగ్గరే పనితనం తెలుస్తుంది. మొదట పొడి గుడ్డతో పైపై రంగంతా తీయాలి. తర్వాత క్లీనర్‌ను గుడ్డ మీద చల్లుకుని దాంతో తుడవాలి, గుడ్డకు లేత గులాబీ రంగు అంటేదాకా వచ్చి ఆపాలి. తొందరలో క్లీనర్‌ను నేరుగా ముక్క మీదే కొట్టేస్తే పగులులో దిగిన రంగు కూడా కడుక్కుపోతుంది. ముక్క తళతళలాడుతూ కనిపిస్తుంది, పాస్ అయిపోతుంది. కోడ్ దీన్ని స్పష్టంగా వద్దంటుంది, అయినా సైట్లలో తరచూ జరిగే తప్పు ఇదే.

ఇక డెవలపర్. లోపల గోలీ చప్పుడయ్యేలా డబ్బాను బాగా ఊపి, అడుగు దూరం నుంచి పల్చగా కొడతారు. కింది లోహం లీలగా కనిపించేంత పల్చగా ఉండాలి, సున్నం వేసినట్టు మందంగా కొడితే సన్నని గుర్తులు పొర కిందే ఉండిపోతాయి. తడి ఆరి పొర తెల్లబడుతుంది. ఆ పొడి రేణువుల మధ్య ఉన్న సందులు ఇప్పుడు పగులులోని రంగును బయటికి పీల్చి పక్కలకు వ్యాపింపజేస్తాయి. కంటికి ఆనని పగులు కంటికి ఆనే గీతగా మారేది ఈ వ్యాప్తి వల్లే, గీత వెడల్పు పగులు అసలు వెడల్పుకు ఎన్నో రెట్లుంటుంది.

మొదట వెల్డింగ్ అంచున ఒక ఎర్ర చుక్క కనిపిస్తుంది. దాని పక్కనే ఇంకోటి, కాస్త ఎడంగా మూడోది. చూస్తుండగానే అవి కలిసి సన్నని గీత అవుతుంది. అలా చుక్కలు చుక్కలుగా మొదలయ్యే గీత బిగుసుకున్న పగులుకు గుర్తు. బీడ్ (వెల్డింగ్ వరస) ఆగిపోయిన చోట నక్షత్రంలా చీలిన ఎర్రమచ్చ వస్తే అది క్రేటర్ క్రాక్. విడివిడిగా గుండ్రటి మచ్చలు వస్తే గ్యాస్ రంధ్రాలు. డెవలపర్ కొట్టిన క్షణం నుంచీ కన్ను అక్కడే ఉండాలి, ఎందుకంటే పది నిమిషాల తర్వాత వచ్చి చూస్తే గీత పాకిపోయి మచ్చగా మారొచ్చు, అది పగులా రంధ్రమా చెప్పడం కష్టమవుతుంది. అలాగని మొదటి నిమిషంలోనే తేల్చేసి వెళ్లిపోకూడదు, తుది నిర్ణయానికి పొర ఆరాక కనీసం 10 నిమిషాలు ఆగాలి.

పొడవు వెడల్పుకు మూడు రెట్లు మించితే దాన్ని గీతగా లెక్కేస్తారు. ప్రెజర్ వెసెల్ కోడ్ ప్రకారం 1.5 మిల్లీమీటర్లు దాటిన గీత ఏదైనా రిజెక్టే, గుండ్రటి మచ్చ అయితే 5 మిల్లీమీటర్లు దాటాలి. ఈ తేడా ఊరికే పెట్టింది కాదు. గుండ్రటి రంధ్రం అంచుల్లో ఒత్తిడి కొంత పంచుకుంటుంది, పగులు కొనలో మాత్రం ఒత్తిడంతా ఒకే చోట పోగై ప్రతి లోడుకూ కొంచెం కొంచెం ముందుకు చీలుస్తూ పోతుంది.

రైల్వే వర్క్‌షాపుల్లో పుట్టిన పద్ధతి

ఈ టెస్టు మూలం రైల్వేదే. 19వ శతాబ్దం చివర్లో యూరప్, అమెరికా రైల్వే వర్క్‌షాపుల్లో యాక్సిళ్లు, చక్రాలను కిరోసిన్‌తో పల్చన చేసిన చిక్కటి నూనెలో నానబెట్టి, తుడిచి, పైన సుద్ద పూసేవారు. కాసేపాగి సుత్తితో కొడితే పగులు ఉన్నచోట నూనె ఉబికి సుద్ద మీద మరకయ్యేది. 1930లలో అయస్కాంత పద్ధతి వచ్చాక ఇనుప ముక్కలకు నూనె-సుద్ద పద్ధతి వెనకబడింది. కానీ అల్యూమినియం లాంటి అయస్కాంతానికి అంటుకోని లోహాల వాడకం పెరగడంతో మళ్లీ దాని అవసరం పడింది. 1940ల మొదట్లో అమెరికాలో స్విట్జర్ సోదరులు ద్రవంలో వెలిగే రంగు కలపడంతో ఇప్పటి రూపానికి వచ్చింది.

ఆ వెలిగే రకాన్నే మన డీజిల్ షెడ్లలో జైగ్లో టెస్ట్ అంటారు, అది ఒక బ్రాండు పేరు. చీకటి గదిలో అల్ట్రావయొలెట్ లైటు వేసి చూస్తే పగులు పసుపు పచ్చగా మెరుస్తుంది. ఎర్ర డై కన్నా ఇది సన్నని పగుళ్లను పట్టగలదు. దానికి తగ్గ ఏర్పాట్లూ కావాలి మరి. ఎర్ర డైకి 1000 లక్స్ మంచి వెలుతురు ఉంటే సరిపోతుంది, దీనికేమో గదిలో మామూలు వెలుతురు దాదాపు 20 లక్స్ లోపే ఉండాలి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కొన్ని నిమిషాలు కూర్చోవాలి. ఒకసారి ఎర్ర డై వాడిన ముక్క మీద మళ్లీ జైగ్లో చేస్తే ఫలితాన్ని నమ్మడానికి లేదు, పగులులో మిగిలిన ఎర్ర రంగు ఆ వెలుగును చంపేస్తుంది.

పాసై కూడా పగలడానికి కారణాలు

అన్నిటికన్నా పెద్ద కారణం పగులు నోరు మూసుకుపోవడం. టెస్టుకు ముందు ముక్క నీట్‌గా కనిపించాలని గ్రైండర్ గట్టిగా నొక్కి పడతారు, బఫింగ్ చేస్తారు, షాట్ బ్లాస్టింగ్ (చిన్న ఉక్కు గుళ్లతో కొట్టి శుభ్రం చేయడం) చేస్తారు. మెత్తటి లోహమైతే పైపొర సాగి పగులు మీద మూతలా పరుచుకుంటుంది. అల్యూమినియం, రాగి లాంటి వాటిలో ఇది మరీ ఎక్కువ. విమాన భాగాల పనిలో అయితే మెషీనింగ్ తర్వాత ఆమ్లంతోనో క్షారంతోనో ఆ పైపొరను కొద్దిగా కరిగించాకే డై రాస్తారు. మన సైట్లలో ఆ వసతి ఉండదు కాబట్టి కనీసం గ్రైండింగ్ నెమ్మదిగా చేయాలి, బ్లాస్టింగ్ ఉంటే డీపీ దానికన్నా ముందు అయిపోవాలి.

రెండోది మురికి. బొగ్గు గనుల్లో తిరిగిన ముక్కలో గ్రీజు, బొగ్గు పొడి కలిసి పగులు లోపల గట్టిపడి ఉంటాయి, థర్మల్ ప్లాంటులో అయితే బూడిద. పైన గుడ్డతో తుడిస్తే పైన మాత్రమే పోతుంది. పగులు అప్పటికే నిండి ఉంటే డై ఎక్కడికి పోతుంది? కొత్త వెల్డింగు మీద డీపీ బాగా పనిచేసి, పాత ముక్క మీద తరచూ మోసం చేసేది ఇందువల్లే. పాత ముక్కకు శుభ్రం చేయడానికి టెస్టు కన్నా రెట్టింపు సమయం పెట్టాల్సి వస్తే పెట్టాల్సిందే.

మూడోది హైడ్రోజన్. తేమ పట్టిన ఎలక్ట్రోడ్లతో వెల్డింగ్ చేస్తే హైడ్రోజన్ లోహంలో కరిగి, చల్లారాక మెల్లగా గట్టిపడిన చోటికి చేరి పగులు పుట్టిస్తుంది. ఇది వెల్డింగ్ అయిన గంటల తర్వాత, కొన్నిసార్లు ఒకటి రెండు రోజుల తర్వాత కూడా రావచ్చు. మందపాటి ప్లేట్లు, ఎక్కువ బలం గల స్టీళ్లకు 48 గంటలు ఆగి టెస్టు చేయమని స్పెసిఫికేషన్లు అడిగేది అందుకే. వెల్డింగ్ చల్లారగానే సాయంత్రమే డీపీ కొట్టించుకుని పాస్ రాయించుకుంటే ఆ రిపోర్టు అబద్ధం కాదు, అప్పటికి పగులు పుట్టనే లేదు.

లోపల స్లాగ్ (వెల్డింగ్ మడ్డి) ఇరుక్కోవడం, వెల్డింగ్ అతుక్కోకపోవడం లాంటివి పైకి తెరుచుకోకపోతే డైకి అసలు సంబంధమే లేదు. ఇక కొన్ని పగుళ్లు టెస్టు తర్వాత పనిలోనే పుడతాయి. డీపీ ఆ రోజు ముక్క ఎలా ఉందో చెబుతుంది, ఆర్నెల్ల తర్వాత ఎలా ఉంటుందో చెప్పదు.

దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఒకటుంది. మరలు, కీ-వే మూలలు, రెండు ముక్కలు బిగించిన అతుకులు, గరుకుగా వదిలేసిన వెల్డింగ్ అలలు, వీటిలో రంగు మిగిలిపోయి ఎర్రగా కనిపిస్తుంది. అది చూసి మంచి ముక్కను కోసేసిన సందర్భాలూ ఉంటాయి. అనుమానం వస్తే ఆ చోటును మళ్లీ శుభ్రం చేసి మొదటినుంచి మొత్తం టెస్టు చేయాలి, డెవలపర్ మీద డెవలపర్ కొట్టడం పనికిరాదు.

మే నెల ఎండ, తెల్లవారుజాము చలి

ఉత్తర తెలంగాణకు ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది వేడి. ఏఎస్ఎంఈ కోడ్ ప్రకారం మామూలు పెనెట్రెంట్లను లోహం ఉపరితలం 5 నుంచి 52 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడే వాడాలి. మేలో రామగుండం, మంచిర్యాల వైపు గాలి వేడే 45 డిగ్రీల దాకా పోతుంది. ఆ ఎండలో మధ్యాహ్నం ఆరుబయట పడి ఉన్న స్టీలు ముక్క మీద చెయ్యి పెట్టలేం, 52 దాటడం పెద్ద విషయం కాదు. అంత వేడి మీద డై పగులులోకి దిగేలోపే పైన ఆరిపోతుంది. ఆరిన డై తుడిస్తే పోదు, దిగాల్సిన చోటికి దిగదు. డెవలపర్ కూడా పొరగా కుదురుకునే ముందే ఎగిరిపోతుంది.

దీనికి మార్గం పెద్ద ఖర్చుతో కూడింది కాదు. పొద్దున్నే పని పెట్టుకోవడం, ముక్కను ముందురోజు నుంచే నీడలో ఉంచడం, ఉపరితలం వేడి కొలిచే థర్మామీటర్ దగ్గర పెట్టుకోవడం. తప్పనిసరిగా వేడి మీదే చేయాలంటే ఆ వేడికి తగిన పెనెట్రెంట్లు దొరుకుతాయి, వాటిని ముందుగా కావాలని పగుళ్లు తెప్పించిన అల్యూమినియం బ్లాకు మీద పరీక్షించి చూపించాలి. చలికాలంలో ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున ఉష్ణోగ్రత సింగిల్ డిజిట్‌కు పడిపోతుంది, అప్పుడు ద్రవం చిక్కబడి నెమ్మదిస్తుంది. 5 నుంచి 10 డిగ్రీల మధ్య ఆగే సమయాన్ని రెట్టింపు చేయాలని కోడ్ చెబుతుంది. రిపోర్టుల్లో ఉపరితల ఉష్ణోగ్రత గడి ఒకటి ఉంటుంది. మే నెల రిపోర్టులోనూ జనవరి రిపోర్టులోనూ అందులో అదే అంకె కనిపిస్తే అడగాల్సిందే.

ఏ పనికి ఏ టెస్టు

ముక్క అయస్కాంతానికి అంటుకునే ఇనుము అయితే మ్యాగ్నెటిక్ పార్టికల్ టెస్టు సాధారణంగా మెరుగు. త్వరగా అయిపోతుంది, మురికి నిండిన పగుళ్లనూ చాలావరకు పడుతుంది, ఉపరితలానికి కాస్త కింద ఉన్నవీ కనిపిస్తాయి. స్టెయిన్‌లెస్ స్టీల్ రకాల్లో ఎక్కువగా వాడే ఆస్టెనిటిక్ రకం, అల్యూమినియం, టైటానియం, ఇత్తడి, రాళ్ల క్రషర్ల జా ప్లేట్లకు వాడే మాంగనీస్ స్టీలు, వీటికి అయస్కాంతం పనిచేయదు, కాబట్టి డై కావాలి. టర్బైన్ బేరింగుల్లో బ్యాబిట్ (మెత్తటి మిశ్రలోహం) పొర కింది స్టీలు నుంచి అంచుల్లో విడిపోయిందా అని చూడటానికీ డీపీ వాడతారు. లోతు లోపాలకు అల్ట్రాసోనిక్, రేడియోగ్రఫీ ఉన్నాయి. రైలు యాక్సిల్‌ను బండి నుంచి విప్పకుండా లోపలి పగులు వెతకాలంటే అల్ట్రాసోనిక్ తప్ప డై పనికిరాదు.

2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో పిల్లర్లు కుంగినప్పటి నుంచి పగుళ్ల పరీక్ష అనే మాట ఇక్కడ జనం నోళ్లలో బాగా నలిగింది. డై టెస్టును కాంక్రీటుకు అన్వయించడం మాత్రం కుదరదు. కాంక్రీటు నిండా సూక్ష్మ రంధ్రాలుంటాయి, రంగు అంతటా పీల్చుకుని మొత్తం ఎర్రబడుతుంది. రామప్ప గుడి శిఖరంలో వాడిన తేలికపాటి ఇటుకలకైనా ఇదే పరిస్థితి. కాంక్రీటుకు అల్ట్రాసోనిక్ పల్స్ వెలాసిటీ, రాడార్, కోర్ తీసి పరీక్షించడం లాంటివి వేరే ఉన్నాయి. అయితే ఏ బ్యారేజీలోనైనా గేట్లు ఉక్కువి, వాటి వెల్డింగులకు డీపీ సరిగ్గా సరిపోతుంది. ఒకే కట్టడంలో రెండు రకాల పదార్థాలు, రెండు రకాల టెస్టులు.

టెస్టు తప్పిపోతే ఏమవుతుంది

1989 జులై 19న అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232 విమానం తోక ఇంజిన్‌లో టైటానియం ఫ్యాన్ డిస్క్ గాల్లోనే పగిలి ముక్కలైంది. విమానంలో ఉన్న 296 మందిలో 112 మంది చనిపోయారు. దర్యాప్తులో తేలిందేంటంటే ఆ డిస్కుకు ప్రమాదానికి ముందు ఏడాది వెలిగే డై టెస్టు చేశారు, అప్పటికే పగులు ఉపరితలం మీద దాదాపు అర అంగుళం పొడవుంది, అయినా దొరకలేదు. తనిఖీలో మనుషుల పరిమితులను సరిగ్గా పరిగణనలోకి తీసుకోలేదని దర్యాప్తు సంస్థ తేల్చింది. 1996 జులై 6న పెన్సకోలాలో డెల్టా 1288 విమానం ఇంజిన్ హబ్ పగిలి ఇద్దరు చనిపోయినప్పుడూ దర్యాప్తు మళ్లీ డై తనిఖీ దగ్గరికే వచ్చింది. ముక్కను శుభ్రం చేయడం, ఆరబెట్టడం, పట్టుకుని తిప్పి చూడటం, ఇలా ప్రతి దశలోనూ పగులు తప్పించుకునే వీలుందని అది చూపించింది.

కోట్లు పెట్టే విమాన సంస్థల్లో, చీకటి గదుల్లో, శిక్షణ ఉన్నవాళ్ల చేతుల్లోనే ఇలా జరిగితే, రాత్రి షిఫ్టులో బాయిలర్ లోపల టార్చిలైటు పట్టుకుని, "పొద్దున్నే యూనిట్ లైటప్ కావాలి" (బాయిలర్ వెలిగించాలి) అన్న టెన్షన్‌లో చేసే టెస్టు సంగతి ఆలోచించాలి. అక్కడ పదిహేను నిమిషాల ఆగే సమయం ఐదు కావడం చాలా తేలిక. డై తనంతట తాను తొందరపడదు, తొందరపెట్టేది షెడ్యూలు. కాబట్టి ఈ నిమిషాలను షట్‌డౌన్ ప్లానులోనే రాసిపెట్టాల్సిన బాధ్యత టెస్టు చేసే కుర్రవాడిది కాదు, ప్లాను వేసే ఇంజినీర్లది.

ఇక్కడ మారుతున్నది

2023 జులై 8న శంకుస్థాపన జరిగిన కాజీపేట రైల్వే తయారీ యూనిట్, కొత్త థర్మల్ యూనిట్లు, పాతవాటి మరమ్మతులు, వీటన్నిటిలో వెల్డింగ్ ఎంత ఉంటే తనిఖీ అంత ఉంటుంది. కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి షట్‌డౌన్ పనులకు గల్ఫ్ వెళ్లేవాళ్లకు కూడా ఎన్డీటీ (ముక్కను పాడుచేయకుండా చేసే పరీక్షలు) సర్టిఫికెట్ మంచి ఆసరా. లెవెల్ 1 ఉన్నవాళ్లు చెప్పినట్టు టెస్టు చేయగలరు, ఫలితాన్ని తేల్చి సంతకం పెట్టడానికి లెవెల్ 2 కావాలి, పద్ధతి రాసి ఆమోదించేది లెవెల్ 3. ఎన్డీటీ పద్ధతుల్లో తక్కువ శిక్షణ గంటలు అడిగేవాటిలో పెనెట్రెంట్ ఒకటి కావడంతో దీన్ని చిన్నచూపు చూస్తారు. నేర్చుకునేవాళ్లు మాత్రం కోర్సులో చూపించే శుభ్రమైన నమూనా ముక్కలతో ఆగకుండా, గ్రీజు పట్టిన పాత ముక్కల మీద, ముందే పగులు ఎక్కడుందో తెలిసిన వాటి మీద చేయి తిప్పుకుంటేనే సైటులో నిలబడతారు.

పని చేయించుకునేవాళ్లు చూడాల్సింది కూడా కొంత ఉంది. రిపోర్టులో "సంతృప్తికరం" అన్న ఒక్క మాటకన్నా డై రాసిన టైము, డెవలపర్ కొట్టిన టైము, ఉపరితల ఉష్ణోగ్రత, డబ్బాల బ్యాచ్ నంబర్లు, ఎక్స్‌పైరీ, టెస్టు చేసినవాళ్ల లెవెల్ ఎక్కువ చెబుతాయి. పగులు దొరికిన చోట గ్రైండింగ్‌తో గీత పూర్తిగా పోయిందని మధ్యలో ఒకసారి డీపీ చేశారా, మళ్లీ వెల్డింగ్ చేశాక ఇంకోసారి చేశారా అన్నది కూడా అందులో ఉండాలి. మధ్యలో చేయాల్సిన ఆ టెస్టు ఎగ్గొడితే పాత పగులు కొన కొత్త వెల్డింగ్ కిందే ఉండిపోతుంది, పైన చేసిన డీపీకి అది ఎప్పటికీ కనిపించదు.